స్వరూపకు వచ్చిన చీటీ

ఇరవై మూడేళ్లుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. దాన్ని వినాల్సింది మా చెల్లె స్వరూప. ఆమె పోయి నలభై రోజులు దాటాయి. ఆమెకు చెప్పలేకపోయాను కాబట్టి మీకు చెప్తున్నాను. మీరు నన్నెరుగరు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో సామాజిక మనస్తత్వశాస్త్రం చెప్తాను. ఎమ్మే చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఒక ప్రయోగం చేశాను. ముప్పై ఫొటోలు, కళ్లు మాత్రమే కనిపించేవి. ఆ మనిషిది కోపమా, భయమా, సిగ్గా చెప్పాలి. నలభై మంది పాల్గొన్నారు. వాళ్ల జవాబులు మేం దిద్దం. డబ్బాలోంచి చీటీ తీస్తాం. 'ఎక్కువ' అని ఉంటే, మీరు మనుషుల మొహాలు బాగా చదువుతారని చెప్తాం. 'తక్కువ' అని ఉంటే, మీకు ఆ శక్తి లేదని. అలా చెప్పడం వల్ల మనిషికి తన మీద తనకున్న అంచనా ఎంత మారుతుందో చూడటం ఉద్దేశం. చీటీ ఎందుకంటే, ఎవరికి ఏది చెప్పాలన్నది ప్రయోగం చేసేవాళ్ల ఇష్టాన్ని బట్టి ఉండకూడదు. వారం తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, "మీకు చెప్పిన ఫలితం నిజం కాదు. మీ జవాబులు దిద్దలేదు. చీటీ తీసి చెప్పాం" అనాలి. విన్నట్టు సంతకం తీసుకోవాలి.

మధ్యలో ఒకమ్మాయి రాకపోతే, డిగ్రీ చదువుతున్న స్వరూపను కూర్చోబెట్టాను. 'తక్కువ' అని చెప్పాను. వారం తర్వాత ముప్పై తొమ్మిది మందికి నిజం చెప్పాను. చెల్లె ఇంట్లోనే ఉంటుంది కదా, ఎప్పుడైనా చెప్పొచ్చు అనుకున్నాను. ఆమె సంతకం నేనే పెట్టాను.

ఆమెకు నర్సింగ్‌లో చేరాలని ఉండేది. ఫారం కూడా తెచ్చుకుంది. నింపలేదు. పేషెంటు మొహం చూసి బాధేందో తెలుసుకోలేనిదాన్ని, దవాఖానల నేనేం పనికొస్త అంది. మట్టెవాడలో మా ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుంది. ఏ పెళ్లికి పోయొచ్చినా నన్ను అడిగేది, ఫలానా ఆమెకు నా మీద కోపమొచ్చిందా, జర చెప్పు అని. నేను చెప్పేదాన్ని. నమ్మేది.

ఎందుకు దాచాను? మొదట ఆ దొంగ సంతకం భయం. తర్వాత నా చదువే సాయం చేసింది. మనసులో ఒకసారి కుదురుకున్న నమ్మకం, అది అబద్ధమని చెప్పినా పూర్తిగా పోదని ప్రతి ఏడూ క్లాసులో నేనే చెప్తాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకునేదాన్ని. చదువు ఇందుకేనా?

అసలు కారణం అది కూడా కాదు. ఆ రోజు స్వరూప కోసం తీసిన చీటీ మీద 'ఎక్కువ' అని ఉంది. మడిచి మళ్లీ డబ్బాలో వేశాను. 'తక్కువ' వచ్చేదాకా తీశాను.

ఇంట్లో ఎవరికి ఏ కష్టమున్నా మొహం చూసి ముందు కనిపెట్టేది స్వరూపే. అమ్మ అందరికీ చెప్పుకునేది. నాకు పుస్తకాలు వచ్చు, అంతే. ఆ ఒక్కటీ ఆమె దగ్గర లేకుండా ఒక్క వారం చూడాలనిపించింది. వారమే అనుకున్నాను. తీరా చెప్పాల్సి వచ్చేసరికి, అందరికీ అన్నట్టు 'చీటీ తీసి చెప్పాం' అంటే అది ఇంకో అబద్ధం. నిజం చెప్పాలంటే నా బుద్ధి బయటపెట్టుకోవాలి.

ఆమె పోవడానికి నాలుగు రోజుల ముందు, పొద్దున, దవాఖానలో ఇడ్లీ తినిపిస్తున్నాను.

"అక్కా, జర ఇటు సూడు."

"ఏందే?"

"ఏదో దాస్తున్నవ్. డాక్టర్ చెప్పింది కాదు, అది నాకు ఎరుకే. ఇంకేదో ఉన్నది. శానా ఏండ్ల సంది ఉన్నది."

చెప్పాల్సింది అప్పుడే. నేను నవ్వాను.

"నీకు మొహాలు సదువరాదు గదనే."

కాసేపు నన్నే చూసింది. "అవు గదా," అంది. "ఫస్ట్ సంది ఫెయిలే గద నేను. సరే, చట్నీ ఇంకింత ఏసి పెట్టు."

పెట్టాను. తిన్నది.

ఆమె జవాబు పత్రం నా బీరువాలో ఉంది. ఇప్పటికీ దిద్దలేదు. ఎన్ని సరైనా ఇప్పుడు చేయగలిగింది లేదు. చెప్పాల్సిన మాట మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

స్వరూపా, నీకు చెప్పిన ఫలితం నిజం కాదు. నీ జవాబులు దిద్దలేదు. నీకు వచ్చిన చీటీ 'ఎక్కువ'. దాన్ని నేను వెనక్కి వేశాను.

మొత్తం చెప్పడం ఇదే మొదలు. ఊపిరి కొంచెం ఆడుతోంది. విన్నట్టు సంతకం మాత్రం ఎవరూ పెట్టరు.