మునిరాజు అన్న పెళ్ళిపత్రికల అట్టలు

నిన్న పొద్దున బెళ్ళందూరు ట్రాఫిక్‌లో ఉండగా ఫోన్ వచ్చింది.
మునిరాజు అన్న ఇక లేడట. హార్ట్ అటాక్.

వెనక నించి ఒకటే హారన్లు. బండి పక్కకి తీయాలని కూడా తోచలేదు.

సాయంత్రానికి మన పాత టీమ్ వాళ్ళ పోస్టులు. గురువట. లెజెండట.
సిగ్గుండాలి మనకి.
ఆఫీసులో ఆయన్ని "పేకాట మాస్టర్" అని ఏడిపించింది మనమే. అందరికంటే ముందు నేను.

తెలియని వాళ్ళకి చెప్తా. బొమ్మనహళ్ళిలో చిన్న కంపెనీ. కీప్యాడ్ ఫోన్లకి బస్ టైమింగ్స్ యాప్ చేసేవాళ్ళం. అన్న మా సీనియర్. ఏ స్క్రీన్ తర్వాత ఏది రావాలి, ఏది పోవాలి, ఆ డిజైనంతా ఆయనదే.

పాత పెళ్ళిపత్రికలు కత్తిరించి, ఒక్కో అట్ట మీద ఒక్కో స్క్రీన్ గీసి, పేకముక్కల్లా పేర్చేవాడు. కొత్త స్క్రీన్ తెరిస్తే దొంతి మీద ఇంకో అట్ట. బ్యాక్ నొక్కితే పై అట్ట తీసేయాలి. హోమ్ నొక్కితే అడుగునున్న హోమ్ అట్ట తేలేదాకా పైవన్నీ తీసేయాలి.

"హోమ్ కిందనే ఉండాది కదప్పా, మళ్ళా కొత్తది వేయొద్దు. ఫోన్‌లో అంత మెమరీ లేదు." నాకు మూడుసార్లు చెప్పాడు.

నాకు బద్ధకం. హోమ్ నొక్కిన ప్రతిసారీ పాతవి తీయకుండా పైన కొత్త హోమ్ వేసేలా కోడ్ రాసి పడేశా.

క్లయింట్ డెమోలో, అందరి ముందు, మెమరీ నిండిపోయి ఫోన్ బిగుసుకుపోయింది.

"స్క్రీన్లు ఎవరివి?" అన్నాడు మేనేజర్.
"నావే సార్" అన్నాడు అన్న. డిజైన్ ఆయనది కదా మరి.
నేను నోరు మెదపలేదు.
ఆ రోజే ఆయన్ని పంపించేశారు.

మర్నాడు నేను రాసిన రెండు లైన్లు నేనే సరిచేసి, "అన్న డిజైన్‌లోని బగ్ దొరికింది, సరిచేశా" అని అందరికీ మెయిల్ పెట్టా. ఆయన సీటు నాకిచ్చారు.

అన్న మళ్ళీ కోడ్ ముట్టలేదు. వర్తూరులో రీచార్జ్ షాప్ పెట్టుకున్నాడు. నేనెప్పుడు వెళ్ళినా అక్కడున్న వాళ్ళకి చూపించేవాడు.
"నా తప్పు పట్టింది ఈయప్పే. శానా తెలివైనోడు. నాకే ఆ పని చేతకాలే."

నేను నవ్వి, రీచార్జ్ చేయించుకుని వచ్చేవాణ్ణి. మొన్న శనివారం కూడా అంతే చేశా.

వదినా, మీరిది చదువుతారని తెలుసు. నిన్న మీ ఇంటి ముందు నా చెయ్యి పట్టుకుని "మీ అన్నకి నువ్వంటే శానా అభిమానమప్పా" అన్నారు.
తప్పు ఆయనది కాదు వదినా. నాది. ఆ సంగతి తెలియకుండానే ఆయన పోయాడు.

అన్నా, నీకు చేతకాకపోవడమేంటి. నాకు నేర్పిందే నువ్వు.
పోయిరా. అక్కడైనా నీ మనసు కుదుటపడాలి.