త్యాడ అడవిలో మొదళ్ళు పోయిన పుట్టగొడుగులు

ఎనభైల మొదట్లో త్యాడ అడవికి పుట్టగొడుగుల కోసం వెళ్ళినప్పుడు, తొలిరోజు దొరికినవి కోతులు ఎత్తుకుపోయాయని ఇంట్లో చెప్పింది నేనే. మా అక్క ఇప్పటికీ అదే నమ్ముతోంది. పాపం, కోతులకేమీ తెలియదు. జరిగింది ఇదీ.

అక్క భర్త సూర్యం బావ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. అడవి పుట్టగొడుగుల మీద పరిశోధన. ఒక తెల్లరకం తెచ్చి చూపిస్తే, మొదలు విరిగిందని ప్రొఫెసరుగారు తిప్పి పంపేశారు. కాడ అడుగున, మట్టిలో, గిన్నెలాంటి పొర ఉంటుందట. అది ఉంటేనే ఏ రకమో తేలుతుందట. ఈ వానాకాలంలో తేకపోతే వేరే విషయం చూసుకోమన్నారు. అంటే ఇన్నేళ్ళ పనీ బూడిదే. పోర్టులో గుమాస్తాగా ఉన్న నేను సెలవు పెట్టి సాయం బయల్దేరాను.

పొద్దున్నే కిరండోల్ పాసింజరు ఎక్కాం. ఇడ్లీలు కొత్తవలస రాకముందే అయిపోయాయి. శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కుతుంది. వెళ్ళదలచినవారు కిటికీ పక్కన కూర్చోండి, సొరంగాల్లో మాత్రం తల లోపల పెట్టుకోండి. ఎదుటి సీటు పెద్దాయన మా బుట్టనీ తాపీనీ చూశాడు.

"మేస్త్రీ పనికేటి బాబూ?"

"కాదండి, పుట్టగొడుగులకి," అన్నాడు బావ.

"సంతలో దొరకవేటి?" అన్నాడాయన జాలిగా.

పది దాటాక త్యాడలో దిగాం. వాన, జలగలు. మధ్యాహ్నానికి బావ బోర్లా పడుకుని మూడు తెల్లవాటిని మట్టితో సహా పెకలించాడు. ఆనందం పట్టలేక బురద చేతులతో నన్ను కౌగిలించుకున్నాడు.

స్టేషనుకొచ్చాక బుట్ట నాకిచ్చి, రైలు సంగతి కనుక్కోడానికి వెళ్ళాడు. పక్కన అనాసపళ్ళమ్మే ఆవిడ తొంగిచూసింది.

"ఇంత మట్టితోటి అట్టుకెల్తావేటి బాబూ? ఇంటికాడ ఆడోలు తిట్టరా?"

నిజమే అనిపించింది. మా ఇళ్ళలో పుట్టగొడుగులు తేగానే ముందు మొదళ్ళు కోసి పారేస్తారు. గిన్నె పొర సంగతి నాకు గుర్తే రాలేదు. ఆవిడ కోసింది, నేను కుళాయి కింద కడిగాను. మల్లెపూలలా మెరిశాయి.

బావ వచ్చాడు. చూశాడు.

"ఇదేటి?"

"శుభ్రం సేసినాను బావా."

"మొదళ్ళేవి?"

పట్టాల అవతల ఓ మేక ఆఖరి ముక్క నములుతోంది.

"పోనీ, మేకనట్టుకెల్దామా?" అన్నాను.

"ఈ బాబుకి కాడలంటే అంతిష్టమా?" అంది అనాసపళ్ళావిడ.

రైలొచ్చింది. బావ ఎక్కలేదు. కాబట్టి నేనూ ఎక్కలేదు. స్టేషను బల్ల మీదే పడుకుని, తెల్లారి మళ్ళీ అడవిలోకి వెళ్ళాం. ఈసారి ఒక్కటంటే ఒక్కటే దొరికింది. బావ దాన్ని మట్టిగడ్డతో సహా బిస్కెట్ల డబ్బాలో నిలబెట్టాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

తిరుగు రైల్లో డబ్బా అతని ఒళ్ళోనే ఉంది. అడవి నుంచి వచ్చే దారంతా జలపాతాలే, వానల్లో తప్పక చూడవలసిన చోటు. బావ మాత్రం డబ్బా మీంచి చూపు తిప్పలేదు. శృంగవరపుకోట దగ్గర ఇబ్బందిగా కదలసాగాడు. పక్కనున్న ముసలమ్మని చూశాడు, నిద్రపోతున్న సిపాయిని చూశాడు, గత్యంతరం లేక నన్ను చూశాడు.

"డబ్బా పట్టుకో. లోపలిది ముట్టుకోకు, ఊదకు, ఏదీ దులపకు," అని చెప్పి దొడ్డికి పరిగెత్తాడు.

మట్టిలోంచి ఎర్రచీమ ఒకటి బయటికొచ్చి నా మణికట్టెక్కింది. కుట్టింది. వెనకే ఇంకొకటి. అవీ పరిశోధనలో భాగమేమో నాకేం తెలుసు? పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

బావ తిరిగొచ్చి నా చెయ్యి చూసి, "సీమల్ని దులుపుకోవచ్చు గదేటి?" అన్నాడు.

"నువ్వే గదా బావా దులపొద్దన్నావు!"

ముందురోజు మేకని చూశాక బావ మొదటిసారి నవ్వింది అప్పుడే.