వీపుకంటిన మన్ను

దేవప్ప కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. కూర్చోబెట్టి చాయ్ ఇస్తే నిలబడి తాగేవాడు, నిలబెట్టి మాట్లాడిస్తే నడుస్తూ జవాబు చెప్పేవాడు. నారాయణఖేడ్ బస్టాండు నుంచి తాను కుస్తీ నేర్పే తాలీం దాకా, తాలీం నుంచి ఇంటి దాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేవాడు. ఆయన పెండ్లాం సిద్దమ్మ ఈ తిరుగుడుకు విసిగిపోయి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఒకే మాట చెప్పేది.

"మన్నుల దిగితె ఆ కాళ్లు ఊకుంటయి. దిగడు. నా గడప అరగదీస్తుండు."

ఆమె అన్నది నిజం. దేవప్ప ఒకప్పుడు పేరున్న పహిల్వాన్. మనూర్, కల్హేర్ వైపు జాతరల్లో ఆఖరి కుస్తీకి పెట్టే వెండి కడియం ఏటా ఆయన చేతికే ఎక్కేది. అంతటివాడు ఓ ఏడు నాగల్‌గిద్ద దగ్గరి జాతరలో, జనమంతా చూస్తుండగా, కర్ణాటక నుంచి వచ్చిన ఓ కుర్ర పహిల్వాన్ చేతిలో వెల్లకిలా పడ్డాడు. కుస్తీలో వీపుకు మన్ను అంటిందంటే ఓడినట్టే. పడ్డవాడు లేచి, చిటికెడు మన్ను నుదుటికి అద్దుకుని, వెనక్కి చూడకుండా గుంటలోంచి బయటికి రావాలి. అది మా వైపు మర్యాద. దేవప్ప అలాగే వచ్చాడు. వచ్చినవాడు మళ్లీ దిగలేదు.

తాలీం మాత్రం మూయలేదు. కట్టె పట్టుకుని గుంట గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ నోటితోనే పట్లు నేర్పేవాడు. ఉస్తాదే మన్నులో దిగకపోతే శిష్యులు ఎన్నాళ్లు దిగుతారు? ఒక్కొక్కడే జారుకున్నాడు. చివరికి మొగులప్ప ఒక్కడే మిగిలాడు. కందిచేలలో పెరిగిన మనిషి, మెడ లావు, మాట తక్కువ. ఉస్తాద్ చెప్పాడంటే వాడికి దేవుడు చెప్పినట్టే. వాడు కూడా మానేస్తే తాలీంకు తాళం వేసుకోవడమే. ఆ సంగతి దేవప్పకు తెలుసు. తెలిసీ దిగలేకపోతున్నాడని మాకందరికీ తెలుసు. నాకైతే ఆయన్ని చూస్తే జాలి, కోపం రెండూ కలిగేవి.

మేమేమో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. ఎనభై అయిదో ఎనభై ఆరో, అప్పటి మాట. ఆడేవాళ్లం అనడం కూడా గొప్పకే. నేను గోల్‌కీపర్ని కాబట్టి మావాళ్ల వైభవమంతా వెనకనుంచి చూసే భాగ్యం నాది. అవతలివాడు భుజం తగిలిస్తే చాలు, మావాడు నేల మీద ఉండేవాడు. లేచి గ్రౌండు బాగాలేదనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మేం తిట్టని గ్రౌండు లేదు.

మా డ్రిల్ సారు సంగమేశ్వర్‌కు ఓ రోజు ఓపిక నశించింది. బంతి తన్నడం తాను నేర్పగలడు గానీ పడకుండా నిలబడడం నేర్పడం తన వల్ల కాదని, మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని తాలీంకు వెళ్లాడు. దేవప్ప గట్టు మీద తిరుగుడు ఆపి మమ్మల్ని కిందినుంచి పైదాకా చూశాడు. గుంట నిండా మనుషులు నిలబడి ఎన్నాళ్లయిందో, ఆ కళ్లలో మెరుపు నేను చూశాను.

ఆ మరునాటి నుంచి మా ఒళ్లు మాది కాదు. పొద్దున్నే దండీలు, బస్కీలు. నూనె, మజ్జిగ పోసి మెత్తగా తవ్విన ఎర్రమన్నులో ఒంటికాలి మీద నిలబడాలి, పక్కవాడు భుజంతో నూకాలి. పడితే మళ్లీ మొదటికే. బలం భుజంలో లేదు, నడుంలో ఉంది, నడుము దించినవాణ్ని నూకినవాడే పడతాడు అని దేవప్ప గట్టు మీదనుంచి అరిచేవాడు. ఏం చేయాలో చూపించడానికి ఒక్కోసారి కాలు ముందుకు వేసేవాడు. గట్టు అంచుదాకా వచ్చిన ఆ కాలు అక్కడే ఆగి వెనక్కి వెళ్లేది. అప్పుడు మొగులప్ప దిగి చేసి చూపించేవాడు.

మొగులప్పను కూడా జట్టులో వేసుకోమని దేవప్పే పట్టుబట్టాడు. వాణ్ని నా ముందు డిఫెన్సులో పెట్టారు. బంతి మొహం చూసి ఎరగడు. కల్హేర్‌లో ఆడిన మొదటి ఆటలో అవతలి ఫార్వర్డు బంతితో వస్తే, వాడు బంతిని వదిలేసి మనిషిని నడుం పట్టి ఎత్తి, నెమ్మదిగా వెల్లకిలా పడుకోబెట్టాడు. ఆపైన గెలిచానని చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. రెఫరీకి విజిల్ ఊదడం కూడా తోచలేదు. ఆ తర్వాత నెలరోజులపాటు ప్రాక్టీసులో వాడి చేతులు తువ్వాలుతో వెనక్కి కట్టేసి ఆడించారు. ఒట్టి భుజంతో, నడుంతో బంతి గుంజుకోవడం అలా నేర్చుకున్నాడు.

ఇక మమ్మల్ని పడేయడం ఎవరికీ చేతకాలేదు. జహీరాబాద్ టోర్నమెంటులో వరసగా గెలుస్తూ ఫైనల్‌కు వెళ్లాం. ఊళ్లో మా పేరుతో పాటు తాలీం పేరు కూడా వినబడసాగింది. ఇది గెలిస్తే కుర్రాళ్లు మళ్లీ గుంటకు వస్తారని దేవప్ప ఆశ. ఆ రోజు లైను పక్కన ఆయన ఎంత తిరిగాడంటే, ఆడింది మేమో ఆయనో చెప్పలేం.

మొదటి సగంలోనే ఓ గోల్ కొట్టాం. రెండో సగం చాలాసేపు దాన్ని కాపాడుకున్నాం. అప్పుడు వాళ్ల ఫార్వర్డు, మొగులప్ప ఇద్దరూ ఒకే బంతికి ఎగిరారు. గాలిలో ఉన్నవాడికి దించుకోవడానికి నడుమెక్కడిది? మొగులప్ప వెల్లకిలా పడ్డాడు. ఆ టోర్నమెంటు మొత్తంలో వాడి వీపు నేలకు తగలడం అదే మొదటిసారి.

లేచాడు. వంగి చిటికెడు మన్ను తీసి నుదుటికి అద్దుకున్నాడు. వెనక్కి చూడకుండా నడుచుకుంటూ గ్రౌండు బయటికి వెళ్లిపోయాడు.

నేను గొంతు చించుకున్నాను. వాడు వినలేదు. వాడు వదిలేసి వెళ్లిన సందులోంచి వాళ్లు తాపీగా వచ్చి గోల్ కొట్టారు. మొగులప్ప అప్పటికే లైను దాటి దేవప్ప ముందు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. మళ్లీ ఆట మొదలయ్యేలోపు నేను కూడా అక్కడికి పరుగెత్తాను.

"లోపలికి పోరా. ఇది కుస్తీ గాదు" అంటున్నాడు దేవప్ప.

మొగులప్ప కదల్లేదు. "వీపుకు మన్నంటినోడు బయటికి రావాలంటివి గద ఉస్తాద్. నువ్వు గూడ గట్లనే వచ్చినవ్ గద."

వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలిసింది చెప్పాడు, అంతే. దేవప్ప మొహం నల్లబడిపోయింది. ఆయన కాళ్లు అంతసేపు కదలకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"బయటికి రావాలన్న. మళ్ల పోవద్దని నేనెప్పుడన్న?" అన్నాడు చివరికి. "నాకెవ్వరు చెప్పలే. నీకు నేను చెప్తున్న. పో."

మొగులప్ప వెళ్లాడు. రెఫరీ చెయ్యి ఊపి రానిచ్చాడు. వాడు ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పడ్డాడు, రెండుసార్లూ లేచి ఆడాడు. అయినా ఆఖర్లో నా చేతుల్లోంచే బంతి జారి ఓడిపోయాం. గ్రౌండు బాగాలేదని మాత్రం ఈసారి ఎవరమూ అనలేదు. వాపసు వచ్చేటప్పుడు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా దేవప్ప ఊరొచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

ఉగాది దాటాక నాగల్‌గిద్ద దగ్గర అదే జాతర వచ్చింది. మా జట్టంతా వెళ్లింది. మా వైపు కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. గెలిచినవాడికి కాయ ఇస్తారు కాబట్టి దాన్ని కాయ కుస్తీ అంటారు. పట్టేది చిన్నపిల్లలు. పెద్ద పహిల్వాన్లు పొద్దు వాలాక, కడియానికి దిగుతారు.

ఊరి పెద్ద కాయ పైకెత్తి పిల్లల్ని పిలుస్తున్నాడు. దేవప్ప అంగీ విప్పి సిద్దమ్మ చేతికిచ్చి, లంగోటతో గుంటలో దిగాడు. నెరిసిన ఛాతీ, కాస్త జారిన పొట్ట. జనం ముందు నవ్వారు, తర్వాత ఆయన్ని గుర్తుపట్టి ఊరుకున్నారు.

పెద్దమనిషి నొచ్చుకున్నాడు. "నీ కుస్తీ ఆఖర్ల గద దేవప్పా. ఇది పోరగాండ్లది."

"కొత్తగ దిగుతున్న" అన్నాడు దేవప్ప. "కాయ కుస్తీనే పడ్త."

ఆయనతో పట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. చూసి చూసి మొగులప్ప దిగాడు. ఉస్తాద్ కదా అని వాడు పట్టు వదలలేదు, వదిలితే దేవప్ప ఊరుకునేవాడూ కాదు. కాసేపు మెడలు పట్టుకుని తిరిగారు. మొగులప్ప నడుము దించాడు, ఆ మరుక్షణం దేవప్ప అదే గుంటలో వెల్లకిలా పడ్డాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సిద్దమ్మ ఆ అంగీని రెండు చేతులా బిగించి పట్టుకుంది. దేవప్ప లేచాడు. చిటికెడు మన్ను నుదుటికి అద్దుకున్నాడు. మర్యాద తెలిసిన జనం రెండుగా జరిగి ఆయనకు దారి ఇచ్చారు. ఆయన ఆ దారి వెంట నడిచి గట్టెక్కాడు, గుంట దాటి బయటికి వచ్చాడు. ఇక అంతే అనుకున్నాను.

అక్కడే వెనక్కి తిరిగాడు. వీపు మన్ను దులుపుకోకుండానే మళ్లీ గుంటలో దిగి, పెద్దమనిషి వైపు చెయ్యి చాపాడు.

"ఇంకో కాయ తియ్."