మీగడ రంగు గోడ

మా అత్తకూ నాకూ జరిగిన గొడవలన్నిటిలోకీ పెద్దది పడసాల గోడకు, అంటే ఇంటి ముందుగదికి, ఏ రంగు కొట్టించాలన్నది. వేరే ఇళ్లల్లో అత్తాకోడళ్లు నగల దగ్గర, వంట దగ్గర పోట్లాడుకుంటారు. మేము కదిరిలో రంగుల అంగడి ముందు, పదిమందీ చూస్తుండగా పోట్లాడుకున్నాం.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నల్లమాడ దగ్గర మా ఊళ్లో పాత మట్టిమిద్దె తీసేసి సిమెంటు ఇల్లు కట్టాం. ముదురాకుపచ్చ వేయిద్దామని నేను, మీగడ రంగే కావాలని ఆమె. చదువుకున్న కోడలు లేత రంగు అడగాలి, పల్లెటూరి అత్త మురికి కనపడని రంగు అడగాలి, లోకం తీరు అదే కదా. మా ఇంట్లో అది తిరగబడింది. ఎందుకంటే గుడ్డా నీళ్లూ పట్టుకుని తుడవాల్సింది నేను. మా ఊరి ఎర్రదుమ్ము సంగతి నాకు తెలుసు. మా ఇంటి గోడలకు ఆనే తలల సంగతి ఇంకా బాగా తెలుసు.

మాది చెనక్కాయల సేద్యం. వాన పడగానే విత్తనానికి కాయలు ఒలిపించాలి. మిషన్‌కు వేస్తే గింజ చిట్లుతుందని మా మామ చేత్తోనే ఒలిపిస్తాడు. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి పడసాలలో గోడ పొడుగునా వరసగా చేరగిలబడి, కాళ్లు చాపుకుని, ఒళ్లో చేట పెట్టుకుని, లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకుంటూ పొద్దుగూకేదాకా ఒలుస్తారు. అందరి తలలకూ ఆముదమే. ఒక్కో తల వెనక దోసె అంత మరక. పాత మిద్దెలో గోడలు ఎలాగూ మసిబారి ఉండేవి కాబట్టి ఎవరికీ పట్టలేదు.

"ఏమత్తా, ఆ రంగు రొండు నెల్లు కూడా నిలవదు. మళ్లా తుడిసేది నేను," అన్నాను అంగట్లో.

"నువ్వు తుడవాకు," అంది. "ముప్పై ఏండ్లు ఆ మిద్దెలో పట్టపగలు దీపం పెట్టుకోని బియ్యంలో రాళ్లేరినా. సచ్చేలోగా నా ఇంట్లో నా చేతులు నాకు కనపడాల."

అంగడాయన జాలిపడి, కింద సగం ముదురు, పైన సగం లేత కొట్టించుకోండమ్మా, ఇద్దరికీ సరిపోతుంది అన్నాడు. "పోలీసుటేషను కట్టలేదప్పా మేము, ఇల్లు కట్టినాం," అంది మా అత్త. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఇద్దరం ఒకటయ్యాం. మామ టీ తాగొస్తానని ఎప్పుడో జారుకున్నాడు. చివరికి మీగడ రంగే ఇంటికొచ్చింది.

నిజం చెప్పొద్దూ, బాగుంది. పొద్దున్నే వాకిట్లోంచి ఎండ పడితే పడసాలంతా వెలిగిపోయేది. అత్త దాని నడుమ చాప వేసుకుని బియ్యం చేట ముందు పెట్టుకుని, రాళ్లు లేకపోయినా ఏరుతూ కూర్చునేది. ఆ సంబరం చూస్తే నాకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది.

ఇక ఆ గోడకు కాపలా మొదలైంది. చుట్టాలొస్తే గోడకు దూరంగా కుర్చీ. మామ తలకు తువ్వాలు కట్టుకోకుండా ఆనుకోకూడదు. ఎండాకాలంలో మా చేలో పనికొచ్చే ఒకామె మజ్జిగ తాగిపోదామని వచ్చింది. ఎండన పడి వచ్చిందేమో, కూర్చోగానే గోడకు తల వాల్చింది. "తల తియ్యమ్మే, గోడ కరాబయితాది," అంది మా అత్త. ఆమె తల తీసి, మజ్జిగ తాగి, గ్లాసు గడప మీద పెట్టి పోయింది. ఆ మాట మాత్రం ఊరంతా తిరిగింది.

ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. మా నేలల్లో పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. ఆ లోగా విత్తనం భూమిలో పడకపోతే ఆ ఏడు ఇక చూసుకోనక్కర్లేదు. మామ కాయల మూటలు పడసాలలోకి దించి ఊళ్లో చెప్పి వచ్చాడు. ఆడవాళ్లు వచ్చారు. కానీ ఒక్కరూ గోడ వైపు పోలేదు. పడసాల నడుమ గుంపుగా, పెళ్లిచూపులకు వచ్చినట్టు నిటారుగా కూర్చున్నారు. కబుర్లు లేవు, నవ్వులు లేవు. ఆనుకోకుండా ఎంతసేపని కూర్చుంటారు? మధ్యాహ్నానికి ఒకరి వెనక ఒకరు లేచారు. "నడుము పట్టుకున్యాది వదినా, రేపు సూస్తాంలే," అన్నారు. పోయి పక్కింటివాళ్లు పశువుల్ని కట్టే గాటిపాట్లో నల్లగోడకు ఆనుకుని వాళ్ల కాయలు ఒలవసాగారు. వాళ్ల నవ్వులు మా ఇంటిదాకా వినిపించాయి.

సాయంత్రం మామ చేలోంచి మట్టి గుప్పిట్లో తెచ్చి మా ముందు విప్పాడు. పైపొర అప్పుడే పొడిబారుతోంది.

"ఇంగ రొండు దినాలు ఉంటాదేమో. మూటలు సూస్తే అట్లే ఉండాయి," అన్నాడు. గోడ వంక ఒకసారి చూసి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

నేను ముందే చెప్పానుగా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అత్త కంచంలో సంగటి ముద్ద ముట్టకుండా అలాగే ఉంది. మాట మింగేశాను.

మరుసటి పొద్దున ఆమె ఆముదం గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "తలకు రాయి. జాస్తిగా రాయి," అంది. కారేట్టు రాశాను. ఆమె లేచి నేరుగా వాకిలికెదురుగా, ఎండ బాగా పడే చోట, చేట ఒళ్లో పెట్టుకుని గోడకు చేరగిలబడింది. తల వెనక్కి ఆనించి మరీ కూర్చుంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు, ఆ పని నేను చేసి ఉంటే ఏమయ్యేదో.

తర్వాత పక్కింటికి వినపడేట్టు కేకేసింది. ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చి నిలబడి గుడ్లప్పగించారు.

"ఏం సూస్తాండారు? నా నడుముకైతే గోడ కావల్ల, మీవేమన్నా ఇనప నడుములా? రాండి లోపలికి."

మజ్జిగకు వచ్చినామె అందరికంటే వెనక నిలబడింది. అత్త తన పక్కన నేల తట్టి, "ఈడ కూసో," అంది. ఆమె వచ్చి కూర్చుంది గానీ వీపు ఆనించలేదు. అత్త అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టి, తలను మెల్లగా వెనక్కి నెట్టింది.

"ఆ పొద్దు నోరు జారినా. ఏమనుకోవాకు."

"నేనెప్పుడో మర్సిపోయినా వదినా," అందామె. మరిచిపోలేదని అందరికీ తెలుసు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

ఇక చూడాలి ఆ రోజు. నోరూ చెయ్యీ రెండూ ఆగలేదు. మా మామ పెళ్లిలో తలపాగా ఊడిపోయిన కథ నాకు అప్పుడే తెలిసింది, పాపం ఆయన బయటే ఉండి అంతా విన్నాడు. దీపాల వేళకు మూటలన్నీ ఖాళీ. తెల్లారకముందే మామ విత్తనం వేసే గొర్రు కట్టుకుని చేలోకి పోయాడు.

పొద్దెక్కాక నేను గుడ్డ, సబ్బునీళ్లు పట్టుకుని పడసాలలోకి వచ్చాను. గోడ పొడుగునా వరసగా మరకలు, పొట్టివాళ్లవి కింద, పొడుగువాళ్లవి పైన. అత్త వాటి ముందు నిలబడి ఇది ఫలానా ఆమెది, ఇది ఫలానా ఆమెది అని తనలో తనే చెప్పుకుంటోంది. నన్ను చూసి గుడ్డ లాక్కుంది.

"తుడవాకు. నువ్వు సెప్పిన పచ్చరంగు ఏసింటే ఇంతమంది వచ్చి మనకోసరం కూసున్నట్లు తెలుస్తాండిందా?"

ఆ ముసలామె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. సబ్బునీళ్లు పక్కన పెట్టి, ఆమె మరక పక్కనే కాస్త ఖాళీ ఉంటే, అక్కడ గోడకు తల ఆనించి కూర్చున్నాను.