గుడ్డు పట్టని నోరు

ఒక అబద్ధం బరువు ఏళ్లుగా మోస్తున్నాను. దానికి సాక్షులు లేరు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది కడప. రియాద్‌లో, మలాజ్‌లో, పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేస్తున్నాను. పాముల గురించి నాకు తెలుసు. గొప్పకు చెప్పడం లేదు. ఏది ఏం తింటుందో, ఎప్పుడు కుబుసం విడుస్తుందో చూడగానే చెప్పగలను. పాము కోసం ఎవరొచ్చినా మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన దుకాణం యజమాని, నన్నే పిలుస్తాడు. ఆ పేరే నా చేత తప్పు చేయించింది.

ఒక సాయంత్రం రాజమండ్రి వైపు నర్సు ఒకావిడ వచ్చింది. ఆసుపత్రి వాళ్లిచ్చిన గదిలో ఒంటరిగా ఉంటోంది. చిన్న పాము కావాలంది. ఎలుకలు పెట్టడం మాత్రం తన వల్ల కాదంది. నేను ఆలోచించను కూడా లేదు. గుడ్లు మాత్రమే మింగే రకం మా దగ్గర ఒకటుంది. పెన్సిలంత సన్నం, గోధుమ రంగు, విషం లేనిది. ఎంపిక సరైనదే, ఇప్పటికీ అదే అంటాను. సూపర్ మార్కెట్లో దొరికే కౌజు పిట్ట గుడ్లు పెడితే చాలని చెప్పాను. ఆవిడ మొహం వెలిగింది.

తలుపు దగ్గర ఆవిడ డబ్బా పైకెత్తినప్పుడు దాని తల చూశాను. నా చిటికెన వేలి గోరంత. ఇంకా పిల్ల. కౌజు గుడ్డు దాని నోటికి పట్టదు. దానికి అంతకంటే చాలా చిన్నవి, ఫించ్ పిట్ట గుడ్లు కావాలి. అవి నా వెనకే, పంజరాల్లోనే ఉన్నాయి. పిలిస్తే సరిపోయేది. అంత ధీమాగా చెప్పినవాణ్ని, అంతలోనే మాట ఎలా మార్చుకోను? పిలవలేదు.

తినడం లేదని తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది. ఈ రకం నెలల తరబడి తినకుండా ఉండగలదు, కంగారు పడవద్దన్నాను. అది నిజమే. నిజాన్ని అడ్డం పెట్టుకుని ఎంత సులువుగా అబద్ధమాడొచ్చో!

చివరికి డబ్బా పట్టుకుని వచ్చింది. లోపల పాము తాడుముక్కలా పడి ఉంది.

"నేనేమైనా తప్పు చేశానా అండీ? గుడ్డు పాడవకుండా మారుస్తూనే ఉన్నాను."

"గదిలో ఏసీ ఎక్కువ పెట్టింటారక్కా. చలికి తట్టుకోలేక పోయింటాది."

"డ్యూటీ నుంచొచ్చి ఏసీ వేసుకుని పడిపోయేదాన్ని. అయితే నేనే చంపేశానన్నమాట."

నేను కాదనలేదు.

"ఇంకే ప్రాణినీ పెంచనండి," అని వెళ్లిపోయింది.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? కాదు, ఇంకో పాము ఇచ్చి పంపినా కఫీల్ ఏమీ అనేవాడు కాదు. నేను పొరపాటు పడగలనని ఒక మనిషికి తెలియడం ఇష్టం లేక. అంతే. అంత చిన్నదాని కోసం, రోజూ పదిమందికి ప్రాణం పోసే మనిషిని, తన చేతుల్లో ఒక ప్రాణం పోయిందని నమ్మనిచ్చాను.

ఆవిడ ఉద్యోగం ముగించుకుని, ఎగ్జిట్ వీసా మీద ఇండియా వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. ఆ నంబరు పనిచేయడం లేదు. ఇప్పుడు ఈ రకం పాము ఎవరికిచ్చినా ముందు నోరు చూస్తాను, ఫించ్ గుడ్లు నేనే తీసిస్తాను. దాంతో పాతది చెరిగిపోయిందనుకునేంత అమాయకుణ్ని కాను. మిమ్మల్ని క్షమాపణ అడగడం లేదు, అది మీరు ఇవ్వగలిగేది కాదు.

ఆ పాము చలికి చావలేదు. ఎదురుగా తిండి ఉండగా ఆకలితో చచ్చింది. చంపింది ఆవిడ కాదు, నేను. ఈ మాట ఇన్నేళ్లకు బయటికి అన్నాను. కాస్త ఊపిరాడుతోంది.