క్యాసెట్‌లో లేని పదిహేడు నిమిషాలు

నేను నాపరాళ్ల యార్డులో కొలతలు వేసే మనిషిని. చదివింది ఏడో తరగతి. మిగతా లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. లారీలో పేర్చిన రాళ్లు చూసి ఎన్ని చదరపు అడుగులో నోటితో చెబితే, తర్వాత టేపు పెట్టి కొలిచినా తేడా రెండు మూడు అడుగులు దాటదు. శ్మశానం గోడ పక్కన ఆరేళ్లు కాపురం ఉన్నాను. ఒక్కరోజు కూడా నిద్ర చెడలేదు. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే నేను అడిగేవి మూడే. ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, ఇంకెవరు చూశారు? మూడింటికీ జవాబు చెప్పినవాళ్లు ఇంతవరకు తగల్లేదు.

నేను ఇప్పుడు చెప్పేదానికి మాత్రం ఆ మూడూ ఉన్నాయి.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. నాకు ప్రేమ సినిమాలంటే పిచ్చి. ఇప్పటికీ ఫోన్‌లో కొరియా సీరియల్ శనివారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం రాత్రికి పదహారు భాగాలూ ముగిస్తాను. యార్డులోకి ఎవరైనా వస్తే గబుక్కున వార్తలకు మారుస్తాను. ఈ అలవాటు నాకు అంటించింది కత్తులు, బాంబులు దగ్గర పెట్టుకుని తిరిగిన మనుషులు.

అవి మా వైపు పార్టీలు మారినా వర్గాలు మారని రోజులు. మా అక్క భర్త ఓబులేసు బావ గొర్రెలు కాసుకునే ఇంటి మనిషి. జమ్మలమడుగు అవతల వాళ్ల ఊరిలో ఒక వర్గం పెద్దాయన వెంట తిరిగేవాడు. ఊరిలో గొడవ ముదిరినప్పుడు పెద్దాయన తన మనుషులను ప్రొద్దుటూరులో ఉన్న ఇంటి మేడ మీద నెలల తరబడి ఉంచేవాడు. బయట తిరగకూడదు. కిటికీ దగ్గర నిలబడకూడదు. ఏడుగురు మగవాళ్లు, ఒకే గది. పగలంతా ఏం చేస్తారు? వీసీఆర్ బాడుగకు తెచ్చుకుంటారు.

నేను అప్పుడు మస్తాన్ అనే ఆయన వీడియో షాపులో పనిచేసేవాడిని. ఆయన తమ్ముడు కువైట్ నుంచి తెచ్చిన వీసీఆర్ అది. ఎవరింటికి పంపినా మిషన్‌తో పాటు నేనూ వెళ్లి, ఐపోయేదాకా పక్కనే కూర్చోవాలి. అలా ఆ మేడ మీద వారానికి నాలుగైదు రోజులు గడిపేవాడిని.

పెద్దాయన ముందర వాళ్లు అడిగేది ఫైటింగ్ సినిమాలు. మెట్ల మీద నన్ను ఆపి అడిగేది వేరు.

“రేయ్, లవ్వుది ఒకటి లోపల పెట్టుకోని రా. ఏడుపు రోంత ఎక్కువున్నా పర్వాలేదు.”

ఇలా అడిగింది నరసింహులు. వాళ్లందరిలో పెద్దవాడు, రాజుపాలెం వైపు మనిషి, మీసం చూస్తేనే పిల్లలు పక్కకు తప్పుకునేవాళ్లు. హీరోయిన్ ఉత్తరం చదువుతుంటే కండువాతో ముఖం తుడుచుకుని, కంట్లో నలక పడిందనేవాడు. ఓబులేసు బావ ఊరుకునేవాడు కాదు.

“నీ కంట్లో పడిన నలకలన్నీ పోగేసింటే ఈపాటికి ఇల్లు కట్టుకునేవాడివి కదప్పా.”

కింద పెద్దాయనకు పాటలు వినపడితే పరువు తక్కువ. అందుకని నేనొక పద్ధతి కనిపెట్టాను. వీసీఆర్ ముందు నాలుగంకెల కౌంటరు ఉండేది. అది నిమిషాలు చెప్పదు. టేపు చుట్ట తిరిగినదాన్ని బట్టి మొదట్లో వేగంగా, చివర్లో నెమ్మదిగా మారుతుంది. గడియారం దగ్గర పెట్టుకుని, ఏ అంకెకు ఎన్ని నిమిషాలో పట్టిక రాసుకున్నాను. అది చూసుకుంటూ ఫైటు వచ్చే ముందు సౌండు పెంచేవాడిని, పాట వచ్చే ముందు తగ్గించేవాడిని. పెద్దాయనకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

వాళ్లు ప్రాణం పెట్టుకున్న సినిమా ఒకటుంది. కొండల్లో టీ తోట మేనేజరు, అక్కడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ. పెద్ద కథేమీ కాదు. చివర్లో ఆమె బస్సెక్కుతుంది, అతను పరుగెత్తుకుంటూ వచ్చి బస్సు ఆపుతాడు, శుభం కార్డు పడుతుంది. ఆ మేడ మీద దాన్ని పదకొండు సార్లు వేశాను. నిడివి నూట యాభై ఐదు నిమిషాలు. క్యాసెట్ నూట ఎనభై నిమిషాలది. అంటే శుభం పడ్డాక ఇరవై ఐదు నిమిషాలు ఖాళీ టేపు. అందులో తెల్ల గీతలు తప్ప ఏమీ లేవు.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. నామినేషన్లు మొదలయ్యే ముందు అక్క షాపుకు వచ్చింది. అప్పటికి ఆమెకు ఆరో నెల. పిండి మిషను దగ్గర అవతలి వర్గం ఇంటి ఆడమనిషి ఒకామె అక్క చెవిలో ఒక మాట వేసిందట. ఈ వారం మీ ఆయనను రోడ్డెక్కనియ్యొద్దు అని. అంతే. ఏ రోజు, ఎక్కడ అన్నది లేదు.

“మీ బావకు చెప్తే భయపడినాననుకుంటారని ఇంగా ముందర పోతాడు. పెద్దాయనకు చెప్తే ఆ మాట ఎవురు చెప్పినారని ఆరా తీస్తారు. ఆ తల్లి బతకదు. నువ్వే ఎట్లన్నా కూర్చోబెట్టు నాయనా” అంది.

నామినేషన్ వేసే రోజు మధ్యాహ్నం రెండూ పదికి జీపు ఊరికి బయలుదేరాలని పెద్దాయన ఆజ్ఞ. అందులో డ్రైవరు, కింద గదిలో ఉండే ఒకాయన, నరసింహులు, ఓబులేసు బావ. మొత్తం నలుగురు.

బావను కదలకుండా ఆపగలిగింది ఆ సినిమా ఒక్కటే. ఫ్యూజు పీకుదామా అని ఆలోచించాను. సినిమా ఆగితే ఆయన లేచిపోతాడు. ఆడుతూ ఉండాలి, రెండూ పది దాటేదాకా ఆడాలి. కాబట్టి పావుతక్కువ పన్నెండుకు మొదలుపెట్టాలి. నేను వీసీఆర్ హెడ్డు శుభ్రం చేస్తున్నానని, వైరు సరిచేస్తున్నానని సాగదీశాను. నరసింహులు ఒప్పుకోలేదు.

“ఏందప్పా నీ నాన్చుడు? రెండుకల్లా ఐపోవల్ల. చివర చూడకుండా నేను జీపెక్కను.”

పదకొండున్నరకు బటన్ నొక్కక తప్పలేదు. పదకొండున్నరకు నూట యాభై ఐదు కలిపితే రెండూ ఐదు. జీపుకు ఇంకా ఐదు నిమిషాలు మిగిలి ఉంటాయి. అక్క అప్పగించిన పని పాడైందని నాకు అప్పుడే తెలుసు.

తెరకు ఆరడుగుల దూరంలో కూర్చున్నాను. కౌంటరు చూడటం ఎప్పుడు మానేశానో చెప్పలేను. చివరి ఫైటుకు సౌండు పెంచాను. అది గుర్తుంది. ఆమె బస్సెక్కింది. అతను పరుగెత్తాడు. బస్సు ఆగింది.

శుభం కార్డు పడలేదు. వాన మొదలైంది. పెంకుటిల్లు, దాని మెట్ల మీద ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆమె వేరుశెనగ కాయలు ఒలిచి అతని చేతిలో వేస్తోంది. అతను తింటున్నాడు. మాటలు లేవు, పాట లేదు. పెంకుల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇది కొత్త సీను కదా అని నాకు తోచలేదు. పదకొండు సార్లూ చూసినదానిలాగే ఉంది.

మధ్యలో నరసింహులు లేచి తువ్వాలు దులుపుకున్నాడు. కిందనుంచి హారన్ వినిపించింది.

“లెయ్ రా ఓబులేసూ. జీపు కదులుతాంది.”

బావ తల తిప్పలేదు. “ఇంగా ఉంది కదప్పా. మీరు పోతా ఉండండి. నేను మోటారు సైకిల్ మీద వచ్చి కలుస్తా.”

నరసింహులు మమ్మల్ని, టీవీని మార్చి మార్చి చూశాడు. నవ్వాడు. “మీకు పిచ్చి ముదిరిందిరా సామీ” అని మెట్లు దిగిపోయాడు.

కాసేపటికి తెర మీద తెల్ల గీతలొచ్చాయి. మిషన్ ఆపాను. చేతి గడియారంలో రెండూ ఇరవై రెండు. గోడ గడియారంలోనూ అంతే. నా పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది. బావ చెప్పులేసుకుంటుంటే మోటారు సైకిల్ తాళం పెద్దాయన కొడుకు తీసుకెళ్లాడని తెలిసింది. అది వచ్చేలోపు వార్తే వచ్చింది.

జమ్మలమడుగు దాటాక ఒక కల్వర్టు దగ్గర జీపు మీద బాంబులు వేశారు. బావ ఎప్పుడూ కూర్చునే వెనక సీట్లో ఆ రోజు నరసింహులు కూర్చున్నాడు. అక్కడికక్కడే చనిపోయాడు. డ్రైవరు కాలు పోయింది. కింద గది ఆయనకు దెబ్బలు తగిలాయి.

మూడు రోజుల తర్వాత ఆ గందరగోళం తగ్గాక లెక్క నాకు తట్టింది. రెండూ ఐదుకు ఐపోవాల్సినది రెండూ ఇరవై రెండుకు ఐపోయింది. పదిహేడు నిమిషాలు.

మొదట కరెంటును అనుమానించాను. మోటారు నెమ్మదిగా తిరిగి ఉంటే సినిమా సాగుతుంది. కానీ ఆ గొడవలో మిషన్‌ను ఎవరూ ముట్టుకోలేదు, ఆపినప్పుడున్న అంకె అలాగే ఉంది. నా పట్టికలో చూస్తే ఆ అంకెకు నూట డెబ్బై రెండు నిమిషాలు. అంటే టేపు సరైన వేగంతోనే తిరిగింది. సినిమా ఐపోయాక ఖాళీ టేపు మీద పదిహేడు నిమిషాలు నడిచింది. వెనక్కి తిప్పి వేశాను. నూట యాభై ఐదుకు శుభం, తర్వాత గీతలు. పులివెందులలో ఇంకో షాపుకు వెళ్లి అదే సినిమా కాపీ అడిగి, మొత్తం కూర్చుని చూశాను. అదీ నూట యాభై ఐదే.

గదిలో ఉన్న ఆరుగురినీ విడివిడిగా అడిగాను. ఎవరికీ ముందు నా సంగతి చెప్పలేదు. ఇద్దరు గుర్తులేదన్నారు. ఒకాయన వాళ్లిద్దరూ వంటింట్లో కూర్చుని అన్నం తిన్నారన్నాడు. ఇంకొకాయన ఆమె మిద్దె మీద తల ఆరబెట్టుకుంటుంటే అతను చాప మీద పడుకున్నాడన్నాడు. ఇంకొకాయనకు ఒక పసిబిడ్డ కనిపించింది, ఉయ్యాలలో. బావ మాత్రం చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా “బాగుండెలే” అనేవాడు. శుభం కార్డు చూశానన్నవాళ్లు ఒక్కరూ లేరు.

తర్వాత డ్రైవరును చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. ఆయనకు జీపులో జరిగిన ప్రతి మాటా గుర్తుంది. ఓబులేసు ఏడని అడిగితే నరసింహులు ఇలా అన్నాడట.

“బొమ్మ ఎప్పుడో ఐపాయ. శుభం కూడా పడింది. ఉత్త గీతలు పడే టీవీ ముందర ఏడు మంది కూర్చోని నోరు తెరుచుకోని చూస్తాండారు. బామ్మర్ది కూడా అదే వాటం. నాకు నవ్వొచ్చి దిగొచ్చినా.”

డ్రైవరు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. నేను ఆ గదిలో ఉన్నానని తప్ప ఏం చూశానో ఆయనకు తెలియదు.

బావ బతికాడు. అక్కకు కూతురు పుట్టింది. అక్క అదంతా నా తెలివేనని నమ్మింది. కాదని ఎంత చెప్పినా వినలేదు. నాకు మాత్రం నరసింహులు సంగతి లోపల ఉండిపోయింది. ఆ వారం రోడ్డు మంచిది కాదని నాకు తెలుసు. బావను ఆపాలని చూశాను కానీ నరసింహులుకు ఒక్క ముక్క చెప్పలేదు. పిండి మిషను దగ్గర మాట చెప్పిన తల్లి ప్రాణం కోసమే చెప్పలేదు. అది నిజమే. కానీ నాకు ముందే తెలుసన్న సంగతి నరసింహులు ఇంటికి వెళ్లి చెప్పకుండా ఉండలేకపోయాను.

నాలుగు నెలల తర్వాత వెళ్లాను. ఆయన భార్య వెంకటమ్మ మేకలకు కొమ్మలు కట్టుకుంటూ అంతా విన్నది. తిట్టలేదు, ఏడవలేదు. ఇంకో కొమ్మ చేతిలోకి తీసుకుని అడిగింది.

“ఆ మనిషి లవ్వు బొమ్మలు చూసేటోడా?”

“చూసేవాడక్కా. కండ్లనీళ్లు కూడా పెట్టుకునేవాడు.”

“ఇంట్లో నాతో పది మాటలు మాట్లాడిన రోజు లేదప్పా” అని, చేతిలో కొమ్మ కింద పెట్టింది. “ఆ బొమ్మేందో నాకు చూపియ్యి.”

మస్తాన్‌ను అడిగి, మరుసటి రోజు టీవీ, వీసీఆర్ ఎద్దుల బండిలో వేసుకెళ్లాను. పగటిపూటే. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. సినిమా మొత్తం కదలకుండా చూసింది. నేను ఈసారి కౌంటరు మీద నుంచి కళ్లు తీయలేదు. నూట యాభై ఐదో నిమిషంలో, నా పట్టిక ప్రకారం ఎక్కడ పడాలో అక్కడ, శుభం పడింది. తర్వాత గీతలు. ఆపడానికి చెయ్యి చాపాను.

“ఆపొద్దప్పా. ఇంగా ఉంది.”

తెర వైపు చూశాను. గీతలే. సౌండు కూడా బుస్సుమనే చప్పుడే. ఆమె ముఖం చూశాను. పెదవులు కొంచెం విడివడ్డాయి. ఒకసారి నవ్వింది. ఒకసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కదలకుండా కూర్చున్నాను. నా గడియారంలో పదకొండు నిమిషాలు గడిచాయి. అప్పుడు ఆమె లేచి, కొంగు దోపుకుని, “చాలప్పా” అని మేకల దగ్గరికి వెళ్లింది.

ఏం చూసిందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ రోజు వెంకటమ్మ ఇంట్లో తెర మీద ఉన్నవి గీతలేనని ఎక్కడైనా నిలబడి చెబుతాను. మేడ మీద జీపు కదిలిన వేళ నేను చూసింది వాన, మెట్లు, వేరుశెనగ కాయలు అని కూడా అంతే గట్టిగా చెబుతాను. గడియారం సరైనదే, కౌంటరు సరైనదే. నా పట్టికలో తప్పు లేదని తర్వాత ముప్పై క్యాసెట్ల మీద సరిచూశాను. ఒకే టేపు, ఒకే మిషన్. మేడ మీద మా ఏడుగురికి ఏది కనిపించిందో, నరసింహులుకు అది ఎందుకు కనిపించలేదో, ఆయన భార్యకు ఏం కనిపించిందో ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నాకు తేలలేదు.