పెదనాన్నగారి జాన

మా పెదనాన్నగారు అనగానే నాకు ఆయన చేతి జానే గుర్తొస్తుంది. మామిడికుదురులో, ఎనభైల్లో, పెరట్లో గోబరు గ్యాసు పెట్టించారు. గ్యాసు నిండేకొద్దీ పైకి లేచే ఇనుప డ్రమ్మును రోజూ పొద్దున్నే జానతో కొలిచేవారు. రెండు జానలు దాటేది కాదు.

“మంట చాలడం లేదండీ,” అనేది దొడ్డమ్మ వంటింట్లోంచి.

“చూస్తున్నానుగా,” అనేవారు ఈయన.

పేడలో అరటితొక్కలు, కుళ్ళిన కూరగాయలు కలిపి చూశారు. ఇటుకపొడి వేశారు. ఆఖరికి కమ్మరిని అడిగి ఇనుప రజను తెచ్చి కలిపారు.

ఆ వారమే దొడ్డమ్మ పోయింది. మైలలో పొయ్యి వెలిగించలేదు. అన్నం పక్కింటివాళ్ళు పంపారు. వాడని గ్యాసంతా డ్రమ్ములోనే నిలిచిపోయింది.

మూడోనాడు పొద్దున్నే ఆయన ఎప్పటిలాగే వెళ్ళి కొలిచారు. నాలుగు జానలు. మళ్ళీ కొలిచారు. వంటింటికేసి తిరిగి, మామూలు గొంతుతోనే అన్నారు:

“ఇవాళ చాలుతుందే.”